ఎవరి పేరు మీద? మేళ్లచెరువు నేల, నీరు, రాయి – స్త్రీల హక్కులు

(మేళ్లచెరువులో మహిళల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నల్గొండ జిల్లా గురించి ఏ పుస్తకం తెరిచినా ఒక వరస కనిపిస్తుంది. ముందు ఎల్లలు, తర్వాత నదులు, నేలలు, పంటలు, పరిశ్రమలు, చివర చూడదగిన స్థలాలు. పిల్లలు బళ్లో అదే వరసలో బట్టీ పెడతారు. ఈ రోజు నేనూ ఆ వరసలోనే మాట్లాడతాను. కాకపోతే నేల దగ్గరా, నీళ్ల దగ్గరా, రాయి దగ్గరా ఆగి ఒకే ప్రశ్న వేస్తాను. ఇది ఎవరి పేరు మీద వుంది? జిల్లా పుస్తకాలు వెయ్యని ప్రశ్న ఇది. మన బతుకంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది.

మొదట భూగోళం. పాత నల్గొండ జిల్లా అంటే 59 మండలాలు, సుమారు 14 వేల చదరపు కిలోమీటర్లు. 2016 అక్టోబరు 11న అది నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలుగా విడిపోయింది. మేళ్లచెరువు సూర్యాపేట జిల్లాలోకి వచ్చింది. ఈ మండలంలో సగం చింతలపాలెం పేరుతో వేరే మండలమయింది. గీతలు మారినా కింద రాయి మారలేదు కాబట్టి నేను పాత నల్గొండ గురించే మాట్లాడతాను.

ఈ జిల్లాలో ఎక్కువ భాగం గ్రానైటు రాయి మీద పరుచుకున్న ఎర్ర చెలకలు. వాన తక్కువ. చెరువు నిండితే పంట, లేకపోతే వలస. పడమటి వైపు, మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో ఆ గ్రానైటు రాతి పొరల్లోని ఫ్లోరైడు బోరు నీళ్లలోకి దిగి తరాల తరబడి జనం ఎముకలు వంచేసింది. నీళ్లలోంచి ఫ్లోరైడును పటిక, సున్నం వాడి తీసేసే పద్ధతికి 'నల్గొండ పద్ధతి' అని పేరు పెట్టారు. ఒక జిల్లా పేరు ప్రపంచానికి ఒక జబ్బు విరుగుడుగా తెలియడం ఎంత విషాదమో చూడండి. 1996 పార్లమెంటు ఎన్నికల్లో నీటి గోడు వినిపించడానికి నల్గొండ స్థానానికి పెద్ద సంఖ్యలో జనం నామినేషన్లు వేశారు. 480 మంది అభ్యర్థులు బరిలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. ఆ నీళ్లను మోసింది ఎవరు? వంకర తిరిగిన కాళ్లతో మంచాన పడిన మొగుడికీ, పిల్లలకీ, అత్తమామలకీ చాకిరీ చేసింది ఎవరు? ఫ్లోరోసిస్ లెక్కల్లో రోగులు వుంటారు. రోగులను మోసిన వాళ్ల పనిదినాలు ఏ లెక్కలోనూ వుండవు.

జిల్లా దక్షిణం అంచుకు, కృష్ణ ఒడ్డుకు వచ్చేసరికి రాయి మారిపోతుంది. వాడపల్లి నుంచి మట్టపల్లి మీదుగా మేళ్లచెరువు దాకా సున్నపురాయి. నది అవతల పల్నాడులో మాచర్ల, పిడుగురాళ్ల దాకా కూడా అదే రాయి. మన దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలు ఎందుకు గుంపుగా వున్నాయంటే ఇదీ కారణం. నీళ్లు నది ఇచ్చింది, రాయి నేల ఇచ్చింది. ఈ మారుమూల అంచు మీద గడిచిన డెబ్భై ఏళ్లలో మూడుసార్లు విలువ వచ్చి పడింది. మొదట కాలువ, తర్వాత సిమెంటు, ఆ తర్వాత పులిచింతల. నా వాదన ఒక్క మాటలో చెబుతాను. విలువ వచ్చిన ప్రతిసారీ ఒక కొత్త కాగితం పుట్టింది. ఆ కాగితం మీద మగవాడి పేరు పడింది. ఆ విలువ తయారవడానికి ఒళ్లు వంచినవాళ్లలో సగానికి తక్కువ కాకుండా ఆడవాళ్లే వున్నా, కాగితం మీదకు మాత్రం రాలేదు.

చరిత్రలోకి కొంచెం వెనక్కి వెళదాం. ఈ జిల్లా రాళ్ల మీద ఆడవాళ్ల పేర్లు లేవా అంటే వున్నాయి. నకిరేకల్ దగ్గర చందుపట్లలో 1289 నాటి శాసనం వుంది. రుద్రమదేవి మరణించిన సంగతి మనకు చెప్పేది ఆ రాయే. గణపతిదేవుడి చెల్లెలు మైలమ బయ్యారంలో చెరువు తవ్వించి శాసనం వేయించింది. రాణులూ, రాజుల చెల్లెళ్లూ చెరువులు తవ్వించి పేర్లు చెక్కించుకోగలిగారు. ఆ చెరువు మట్టి తట్టలతో మోసిన ఆడవాళ్ల పేరు ఏ రాయి మీదా లేదు. మన వూరి పేరులో కూడా చెరువు వుంది. స్వయంభూ శంభులింగేశ్వరుడి గుడికి, శివరాత్రి జాతరకు, ఎడ్ల పందేలకు మేళ్లచెరువు పేరు పొందింది. చెరువు కట్ట మీద పడిన అడుగుల్లో ఆడవాళ్ల అడుగులెన్నో ఎవరూ లెక్కపెట్టలేదు. అందుకే పేరు అనేది కులానికీ వర్గానికీ సంబంధించిన విషయం కూడా అని మొదటే గుర్తు పెట్టుకుందాం.

నిజాం కాలంలో ఇక్కడి భూమి దేశ్‌ముఖుల, జాగీర్దార్ల గుప్పిట్లో వుండేది. మగవాళ్ల వెట్టి గురించి పుస్తకాల్లో చాలా వుంది. ఆడవాళ్ల వెట్టి రెండింతలు. దొర గడీలో వడ్లు దంచాలి, అలుకు చల్లాలి, బాలింతయినా దొర పొలంలో నాటు వెయ్యాలి. దొర కూతురు అత్తవారింటికి పోతే ఆమె వెంట ఆడబాపగా ఒక పేద పిల్లను పంపేవారు. ఆ పిల్ల ఒంటి మీద కూడా దొర కుటుంబానికే హక్కు. పక్కనే మునగాల పరగణా చుట్టూ నిజాం భూమి వున్నా మద్రాసు రాష్ట్రం కృష్ణా జిల్లాలో భాగంగా వుండేది. ఆంధ్ర ప్రాంతం నుంచి రాజకీయాలూ, గ్రంథాలయాలూ, సంఘాలూ ఇటు నడిచి వచ్చిన దారుల్లో అదొకటి.

తర్వాత సాయుధ పోరాటం, 1946 నుంచి 1951 దాకా. అప్పటి నల్గొండ జిల్లా జనగామ తాలూకా పాలకుర్తిలో చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖుకు ఎదురు నిలిచింది కౌలు భూమి పంట కోసం. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ ఇక్కడికి వస్తాను. తెలంగాణ రైతాంగ పోరాటంలో మనకు అందరికంటే బాగా తెలిసిన స్త్రీ పట్టాదారు కాదు, కౌలుదారు. మల్లు స్వరాజ్యం దళాల్లో తిరిగింది. ఆరుట్ల కమలాదేవి తుపాకీ పట్టింది. స్త్రీశక్తి సంఘటన వాళ్లు 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' లేకపోతే ఈ స్త్రీల మాటలు వాళ్ల నోటి నుంచే మనకు అందేవి కావు. పోరాటంలో భూములు పంచారు. పంచింది ఇంటికి ఇంత చొప్పున. ఇల్లంటే ఇంటి పెద్ద. ఇంటి పెద్ద అంటే మగవాడు. పోరాటం ముగిసిన తర్వాత చాలామంది స్త్రీలను ఇళ్లకు వెళ్లి సంసారాలు చూసుకోమన్నారు. భూస్వామి చేతిలోంచి కాగితం లాక్కోవడంలో భాగమయిన వాళ్లకు, ఆ కాగితం కొత్తగా రాసేటప్పుడు చోటు దొరకలేదు.

కొత్త కాగితాలు ఏవో చూద్దాం. 1950లో హైదరాబాదు కౌలు చట్టం వచ్చింది. 1954-55లో ఖాస్రా పహాణీ రాశారు. తెలంగాణలో భూమి తగాదా ఏది వచ్చినా ఇప్పటికీ అందరూ తిరగేసే మూల కాగితం అదే. 1973లో భూపరిమితి చట్టం వచ్చింది. ఆ చట్టం లెక్కను ఒకసారి గమనించండి. భార్యాభర్తలూ మైనరు పిల్లలూ కలిసి ఒక కుటుంబ యూనిట్. తర్వాత చేసిన సవరణ ప్రకారం మేజరయిన కొడుకు వుంటే ఆ కుటుంబం మరికొంత భూమి వుంచుకోవచ్చు. మేజరయిన కూతురు వుంటే అట్లా వుంచుకోవడానికి లేదు. భూమిని పేదలకు పంచడానికి తెచ్చిన ప్రగతిశీల చట్టమే ఎదిగిన కొడుకును లెక్కపెట్టి ఎదిగిన కూతురిని లెక్కలోంచి తీసేసింది. ఈ సూత్రం చాలా ఏళ్ల తర్వాత పులిచింతల ముంపు జాబితాల దగ్గర మనకు మళ్లీ ఎదురవుతుంది.

ఇక కాలువ దగ్గరికి వద్దాం. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలింది. రాతితో కట్టిన ఆనకట్టల్లో అది ప్రపంచంలోనే పెద్దదని గర్వంగా చెప్పుకుంటాం. రాతితో కట్టడమంటే మనుషులు మోశారని అర్థం. ఆనాటి ఫోటోలు చూడండి. పరంజాల మీద తలపై తట్టలతో వరసగా నిలబడిన వాళ్లలో ఎంతమంది ఆడవాళ్లున్నారో కనిపిస్తుంది. పాలమూరు నుంచి, కోస్తా నుంచి, చుట్టుపక్కల తండాల నుంచి వచ్చిన కూలీలు వాళ్లు. ఎడమ కాలువకు లాల్‌బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. ఆ కాలువ వల్ల మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల రూపం మారింది. మెట్ట జొన్న పోయి రెండు కార్ల వరి వచ్చింది, మిర్యాలగూడలో రైస్ మిల్లులు వెలిశాయి. కాలువ కింద చౌకగా వున్న భూములు కొనడానికి కోస్తా జిల్లాల రైతులు వచ్చారు. ఎకరం విలువ పెరిగింది. విలువ పెరిగిన భూమికి కట్నం రేటు కూడా పెరిగింది. మెట్ట నేలలో లేనంత కట్నం కాలువ కింద పుట్టింది. భూమి కొడుక్కి, కట్నం కూతురికి అని పెద్దలు సమర్థిస్తారు. కట్నం కూతురి చేతికి వస్తుందా? అది వియ్యంకుడి చేతికి పోతుంది. ఆమె పేరు మీద రెండు వైపులా ఏమీ వుండదు.

1997లో సాగునీటి సంఘాల చట్టం వచ్చింది. నీటి పంపకం రైతులే చూసుకుంటారన్నారు. మంచిదే. కానీ ఆ సంఘంలో ఓటు ఆయకట్టులో భూమి వున్నవాళ్లకు. నాటు వేసేవాళ్లకు, కలుపు తీసేవాళ్లకు, చివరి మడికి నీళ్లు రాక అర్ధరాత్రి గట్టు మీద కాపలా కూర్చునే భార్యకు అక్కడ పేరు లేదు. వరి పంటలో ఏ పని ఎవరిదో మీకు నేను చెప్పనక్కరలేదు. దున్నడం, మందు కొట్టడం మగవాళ్ల పని, దానికి కూలి ఎక్కువ. నాటు, కలుపు, కోత ఆడవాళ్ల పని, దానికి కూలి తక్కువ. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది. అయినా పనిని ఆడపని, మగపని అని విడగొట్టి పెట్టినన్నాళ్లూ ఆ చట్టాన్ని తప్పించుకోవడం సులువయింది. తర్వాత కోత మిషన్లు వచ్చాయి. ఎవరి పని పోయింది? కోత పోయింది, ఆడవాళ్లది. కలుపు మందులు వచ్చాయి. కలుపు పోయింది, అదీ ఆడవాళ్లదే. ట్రాక్టరు వచ్చినప్పుడు మగవాడు డ్రైవరయ్యాడు. హార్వెస్టరు వచ్చినప్పుడు ఆడది డ్రైవరు కాలేదు. ఇటీవలి సంవత్సరాల్లో నాట్లకు కూడా బెంగాల్, బీహార్‌ల నుంచి మగ కూలీల ముఠాలు వస్తున్నాయి. ఆ కూలీల మీద కోపం పెట్టుకోవద్దు. వాళ్లూ పని లేకనే ఇంత దూరం వచ్చారు. యంత్రం ఎవరి చేతికి ఇచ్చారు, నైపుణ్యం ఎవరికి నేర్పారు అనేదే మనం అడగవలసింది.

ఈ విషయంలో ఒక్క కాగితం తేడాగా నిలబడింది. 2006లో ఉపాధి హామీ పథకం మొదలయినప్పుడు మొదటి విడత జిల్లాల్లో నల్గొండ కూడా వుంది. మస్టరులో ఆమె పేరు, ఆమెకూ మగవాడికీ ఒకే రేటు. దేవుడి దయ వల్ల వచ్చిన మార్పు కాదిది. చట్టంలో అలా రాశారు కనుక వచ్చింది. పని చేసిన మనిషి పేరు కాగితం మీద పడడానికి పొలం యజమాని కానక్కరలేదని ఆ మస్టరు రుజువు చేసింది.

ఇప్పుడు రాయి. సిమెంటు మీద ప్రభుత్వ నియంత్రణ 1982లో కొంత, 1989లో పూర్తిగా ఎత్తేశారు. 1980, 90 దశకాల్లో ఈ కృష్ణ ఒడ్డున ఒకదాని పక్కన ఒకటి ఫ్యాక్టరీలు లేచాయి. ఒక టన్ను క్లింకరు తయారవడానికి సుమారు ఒకటిన్నర టన్నుల సున్నపురాయి కావాలి. దాన్ని 1450 డిగ్రీల వేడిలో కాల్చాలి. అందుకే ఫ్యాక్టరీ రాయి దగ్గరికి వస్తుంది, రాయి వున్న పొలం క్వారీ అవుతుంది. పొలం అమ్మిన డబ్బు పట్టాదారు ఖాతాలో పడింది. ఆ పొలంలో కూలికి వెళ్లే స్త్రీ పోగొట్టుకున్న పనిదినాలకు లెక్క కట్టిన వాళ్లు లేరు. గట్ల మీద గడ్డి కోసి బర్రెను సాకిన స్త్రీకి గడ్డి ధర ఎవరిచ్చారు? పొలం పట్టా మీద గడ్డి ప్రస్తావన వుండదు కదా.

ఫ్యాక్టరీలో ఉద్యోగాలు వచ్చాయి కదా అంటారు. వచ్చాయి. ఎవరికి? గని పనిలో స్త్రీలు నేలపైన కూడా ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు మధ్యలోనే పని చెయ్యాలని 1952 గనుల చట్టం చెప్పింది. రక్షణ కోసమన్నారు. మూడు షిఫ్టులు నడిచే చోట ఈ రక్షణ ఆచరణలో ఉద్యోగం ఇవ్వకపోవడానికి సాకుగా మారింది. 2019లో కేంద్ర ప్రభుత్వం స్త్రీల అంగీకారంతో రాత్రి పనికీ అనుమతించింది. అనుమతి వచ్చినంత మాత్రాన ఉద్యోగం రాదు. ఫిట్టరు, ఎలక్ట్రీషియను పనుల్లో ఐటీఐ చదివిన ఆడపిల్లలు ఎందరు? ఈ పరిశ్రమ మొత్తంలో ఆడవాళ్లకు దక్కేది ఊడ్చే పని, మొక్కలకు నీళ్లు పోసే పని, క్యాంటీన్ పని. అవీ కాంట్రాక్టరు కింద. కాంట్రాక్టరు కూలి ఇవ్వకపోతే అసలు యజమానే చెల్లించాలని 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం చెప్పింది. ఈ సంగతి ఊడ్చే వాళ్లకు ఎవరూ చెప్పరు.

రాయి మీద మనకొక హక్కు వుంది. దాన్ని వివరంగా చెబుతాను, ఎందుకంటే దీని గురించి ఆడవాళ్ల సంఘాల్లో చర్చ తక్కువ. 2015లో గనుల చట్టానికి చేసిన సవరణతో ప్రతి గనుల జిల్లాలో జిల్లా ఖనిజ ఫౌండేషన్ పెట్టాలి. పాత లీజులయితే రాయల్టీలో 30 శాతం, వేలంలో వచ్చిన కొత్త లీజులయితే 10 శాతం అదనంగా ఆ ఫండులోకి కట్టాలి. సున్నపురాయికి 2014లో ఖరారయిన రాయల్టీ టన్నుకు 80 రూపాయలు. ఆ లెక్కన ఒక సిమెంటు బస్తా వెనక సుమారు ఆరు రూపాయల రాయల్టీ, పాత లీజయితే దాని మీద రూపాయి ఎనభై పైసలు ఫౌండేషన్‌కు. ఫ్లైయాష్ ఎక్కువ కలిపే సిమెంటుకు ఇంకా తక్కువ. బస్తాకు ఇది చిల్లరే. కానీ ఒక ఫ్యాక్టరీ నుంచి ఏడాదికి వెళ్లే లారీలను లెక్కపెట్టి చూడండి. ఆ డబ్బు గనుల వల్ల నష్టపోయిన ప్రాంతానికీ, మనుషులకూ ఖర్చు పెట్టాలి. కనీసం 60 శాతం తాగునీరు, ఆరోగ్యం, విద్య, స్త్రీ శిశు సంక్షేమం వంటి వాటికే పెట్టాలని 2015 మార్గదర్శకాలు చెప్పాయి. అంటే దుమ్ము పీల్చి దగ్గే పిల్లకు ఊపిరితిత్తుల పరీక్ష, అడుగంటిన బావికి బదులు మంచినీళ్లు మన హక్కు. ఇక్కడ 'నష్టపోయిన మనిషి' అంటే పట్టాదారు ఒక్కడే కాదు. బాధితుల జాబితాలో ఎవరి పేర్లుండాలో గ్రామసభలో మాట్లాడవచ్చు. కొత్త క్వారీకి, ఫ్యాక్టరీ విస్తరణకు అనుమతి ఇచ్చే ముందు 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం జరిపే ప్రజాభిప్రాయ సేకరణలో మాట్లాడడానికీ పట్టా అక్కరలేదు. ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మాట్లాడిన మాటలు రాసుకుని, ఆ సారాంశాన్ని అక్కడే మన భాషలో చదివి వినిపించాలి. భూమి లేని స్త్రీ మాటకు కాగితం మీద చోటున్న అరుదైన సందర్భం అది.

మూడోది పులిచింతల. ఆనకట్ట ఒక కొన గుంటూరు వైపు, ఇంకో కొన మన వైపు వజినేపల్లి దగ్గర. 45.77 టీఎంసీల జలాశయం. 2004లో పనులు మొదలయ్యాయి. 2013 డిసెంబరు 7న జాతికి అంకితం చేశారు. దాని నీళ్లు ప్రధానంగా కృష్ణా డెల్టా ఆయకట్టుకు. ముంపు మాత్రం రెండు ఒడ్లకూ. మన వైపు నెమలిపురి, వెల్లటూరు, చింత్రియాల, అడ్లూరు వంటి వూళ్లు దెబ్బతిన్నాయి.

వూరు మునిగినప్పుడు ప్రభుత్వం వేసే మొదటి ప్రశ్న 'ఎన్ని కుటుంబాలు?' అని. కుటుంబం అంటే ఏమిటి? 2003, 2007 నాటి కేంద్ర పునరావాస విధానాలు చూడండి. మనిషి, భార్య లేక భర్త, మైనరు కొడుకులు, పెళ్లికాని కూతుళ్లు, ఆధారపడిన పెద్దలు కలిసి ఒక కుటుంబం. మైనరు కొడుకులు అన్నారు, మైనరు కూతుళ్లు అనలేదు. కొడుకు పద్దెనిమిది దాటితే తండ్రి కుటుంబం నుంచి బయటికొచ్చి వేరే లెక్కవుతాడు. కూతురు ముప్పై అయిదేళ్లకూ పెళ్లి కాకపోతే తండ్రి ఖాతాలోనే. 1973 భూపరిమితి చట్టం నాటి సూత్రం ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ తలుపు తట్టింది. ఇక మొగుడు వదిలేసి పుట్టింటికి వచ్చిన స్త్రీ? అన్న ఇంట్లో వుంటున్న వితంతువు? వాళ్లు ఇంకొకరి కుటుంబంలో ఆధారపడిన సభ్యులు. అన్నకు ఇంటి స్థలం వస్తుంది. ఆమెకు ఆ ఇంట్లో ఒక మూల వస్తుంది, అన్న మంచివాడయితే.

2013 భూసేకరణ చట్టం ఈ అన్యాయాన్ని చాలావరకు సరిదిద్దింది. వితంతువులు, విడాకులు పొందినవాళ్లు, కుటుంబం వదిలేసిన స్త్రీలు వేరే కుటుంబాలుగా లెక్కకొస్తారని రాశారు. వయసొచ్చిన మనిషి ఆడయినా మగయినా, పెళ్లి అయినా కాకపోయినా ఒక కుటుంబమే అన్నారు. దేశమంతటా నిర్వాసిత స్త్రీలూ, ప్రజా సంఘాలూ ఏళ్ల తరబడి అడిగితే వచ్చిన వాక్యాలవి. ఆ చట్టం 2014 జనవరి 1న అమల్లోకి వచ్చింది. పులిచింతలను జాతికి అంకితం చేసిన రోజుకూ ఆ రోజుకూ మధ్య ఇరవై అయిదు రోజులు. మన ముంపు వూళ్ల ఒంటరి స్త్రీలు ఆ ఇరవై అయిదు రోజులకు ఇవతలి గట్టు మీద మిగిలిపోయారు. ఇక ముందు ఈ మండలంలో క్వారీకో, రోడ్డుకో, ఎత్తిపోతలకో ప్రభుత్వం భూమి సేకరిస్తే మాత్రం ఆ సాకు చెల్లదు. అధికారి తెచ్చిన జాబితాలో ప్రతి ఒంటరి స్త్రీ పేరూ వేరే వరసలో వుందా అని మీరే చూడాలి.

ఇక మామూలు రోజుల్లో మన చేతుల్లో వుండవలసిన కాగితం పాసు పుస్తకం. 1985 సెప్టెంబరు నుంచి అమలయ్యేలా మన రాష్ట్రం కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. అప్పటికే పెళ్లయిన వాళ్లకు వర్తించదన్నారు. 2005లో కేంద్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి ఆ అడ్డు తీసేసింది. 2005 నాటికి తండ్రి బతికి వుండాలనే షరతు లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. చట్టం అంతా మన వైపే వుంది. అయినా విరాసత్ జరిగే రోజు అక్కచెల్లెళ్లు ఎందుకు సంతకం పెట్టి వదిలేస్తున్నారు? అమాయకత్వం వల్ల కాదు. వాటా అడిగితే పుట్టింటి గడప మూసుకుపోతుంది. రేపు మొగుడు కొడితే వచ్చి తలదాచుకోవడానికి చోటు కావాలి. పసుపు కుంకుమకు ఒక చీర చాలని ఆమె లెక్క వేసుకుంటుంది. అది బలహీనుల లెక్క, కానీ తెలివిలేని లెక్క కాదు. అందువల్ల హక్కు అడుగు, హక్కు అడుగు అని ఒంటరిగా వున్న ఆడమనిషికి ఉపన్యాసం ఇవ్వడం న్యాయం కాదు. వాటా అడిగినవాళ్లకు పుట్టిల్లు మూసుకుపోతే తలుపు తెరిచే సంఘం వుండాలి. అప్పుడే ఆ లెక్క మారుతుంది.

కాగితం లేకపోతే ఏం జరుగుతుందో 2018లో చూశాం. ఆ ఏడాది రైతుబంధు వచ్చింది, పట్టాదారుకు. రైతుబీమా వచ్చింది, పద్దెనిమిది నుంచి యాభై తొమ్మిదేళ్ల పట్టాదారుకు. కౌలు రైతుకు రెండూ లేవు. మొగుడు కౌలు చేసి అప్పులపాలై పురుగుమందు తాగి చనిపోతే, ఆ భార్య చేతిలో అతను రైతని చెప్పే కాగితం వుండదు. ఆమె కూడా రైతేనని చెప్పే కాగితం అంతకంటే వుండదు. 2011 లైసెన్సు సాగుదారుల చట్టం కౌలుదారుకు గుర్తింపు కార్డు ఇమ్మంది. దాన్ని అమలు చెయ్యకుండా వదిలేశారు. ధరణి కాలానికి పహాణీలో సాగు చేసేవాళ్ల పేరు రాసే గడి కూడా లేకుండా పోయింది. 2025లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. చట్టం పేరు మారినప్పుడల్లా మనం చూడవలసింది ఒకటే. దున్నే మనిషి పేరు రాయడానికి గడి వుందా లేదా. ఐలమ్మ 2018లో వుండి వుంటే ఆమె పంటకు రైతుబంధు వచ్చేది కాదు. విగ్రహాలు పెట్టి దండలు వేసే నాయకులకు ఈ సంగతి గుర్తు చెయ్యవలసింది మనమే.

కొందరు మిత్రులు అడుగుతారు, పట్టాలో పేరు పడితే పితృస్వామ్యం పోతుందా అని. పోదు. పేరు మీద భూమి వున్న స్త్రీని కూడా కొడతారు. కానీ ఆమెను ఇంట్లోంచి గెంటెయ్యడం కష్టమవుతుంది. ఇంకో ప్రశ్న ఇంతకంటే పదునైనది. భూమే లేని దళిత స్త్రీకీ, తండా స్త్రీకీ ఈ పట్టా మాటలు ఏం చేస్తాయి? 2014లో దళిత కుటుంబాలకు మూడెకరాలు స్త్రీల పేరు మీద ఇస్తామని రాష్ట్రం పథకం పెట్టింది. పేరు స్త్రీది కావాలన్న ఆలోచన సరైనదే. అందింది మాత్రం కొద్దిమందికే. కాబట్టి వారసత్వంలో వాటా అన్న డిమాండు ఒక్కటే పెట్టుకుంటే మన ఉద్యమం భూమి వున్న కులాల కూతుళ్ల ఉద్యమంగా మిగిలిపోతుంది. అందుకే నేను ఈ రోజు పట్టాతో పాటు మస్టరు, బాధితుల జాబితా, కుటుంబాల సర్వే, కౌలు కార్డు అని ఇన్ని కాగితాల గురించి చెప్పాను. ఇందులో కొన్నింటి మీద పేరు పడడానికి భూమి అక్కరలేదు.

ముగించే ముందు, మీ సంఘం ఈ ఏడాది చెయ్యగలిగిన నాలుగు పనులు మీ ముందు పెడుతున్నాను. ఒకటి, ప్రతి వూళ్లో ఒంటరి స్త్రీల జాబితా మనమే రాసుకుని గ్రామసభలో ఇచ్చి రసీదు తీసుకోవడం. రెండు, ఖనిజ ఫౌండేషన్‌కు ఈ మండలాల నుంచి ఎంత పోయింది, ఇక్కడ ఎంత ఖర్చయింది అని సమాచార హక్కు చట్టం కింద అడగడం. మూడు, కాంట్రాక్టరు కింద పనిచేసే స్త్రీలకు హాజరు కార్డు, కూలి చీటీ ఇప్పించడం. నాలుగు, ఏ ఇంట్లో విరాసత్ జరుగుతున్నా, సంతకం పెట్టే ముందు ఆ అక్కతో మాట్లాడడానికి ఇద్దరు వెళ్లడం. ఆమె సంతకం పెట్టినా తప్పు పట్టవద్దు. పెట్టకపోతే మాత్రం ఆమెను ఒంటరిగా వదలవద్దు.

ఇవి చిన్న పనులే. తహసీలు ఆఫీసు బల్ల మీద చిన్న కాగితాలు. కానీ ఈ జిల్లా చరిత్రలో దొరల అధికారం కూడా కాగితం మీదే నడిచింది. రేపు మేళ్లచెరువు గురించి రాసే పుస్తకంలో నేలలు, పంటలు, పరిశ్రమలు అనే అధ్యాయాలు ఎలాగూ వుంటాయి. వాటిలో మన పేర్లు కూడా వుండాలంటే ముందు అవి ఈ రిజిస్టర్లలోకి ఎక్కాలి.

 ఇప్పుడు మీరు మాట్లాడండి.